వార్షిక నివేదిక 2025: చరిత్ర బృందం చదివిన రాబర్ట్ మోరిస్

గౌరవ సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారాలు.

ఉగాది, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే నిండుగా జరిగాయి. పిల్లల తెలుగు తరగతులు ఆగకుండా నడిచాయి. జమాఖర్చుల పట్టిక విడిగా పంపుతున్నాం. ఇక్కడ ఎక్కువ చోటు చరిత్ర బృందానికే ఇస్తున్నాం. ఈ ఏడాది మనవాళ్లు కలిసిన ప్రతిచోటా ఆ కబుర్లే మరి.

వచ్చే జులైకి అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు 250 ఏళ్లు నిండుతాయి. అది వెలువడిన ఫిలడెల్ఫియాలోనే మన కాపురాలు. వాషింగ్టన్, ఫ్రాంక్లిన్‌ల గురించి పిల్లలు బడిలో ఎలాగూ చదువుతారు. అందుకే స్వాతంత్ర్య యుద్ధానికి డబ్బు పుట్టించిన వర్తకుడు రాబర్ట్ మోరిస్‌ను ఎంచుకున్నాం.

మోరిస్ 1734లో లివర్‌పూల్‌లో పుట్టాడు. పదమూడో ఏట, మేరీల్యాండ్‌లో పొగాకు వ్యాపారం చూస్తున్న తండ్రి దగ్గరికి వచ్చాడు. 1750లో ఒక ఓడవాళ్లు ఆ తండ్రికి మర్యాదగా ఫిరంగి పేల్చారు. అందులో కూరిన ఉండ వచ్చి తగిలి, ఆ గాయంతోనే ఆయన పోయాడు. అప్పటికే ఫిలడెల్ఫియాలో విల్లింగ్ కుటుంబం కొట్లో పని నేర్చుకుంటున్న కుర్రాడు 1757కల్లా థామస్ విల్లింగ్‌కు భాగస్వామి అయ్యాడు. ఓడల వ్యాపారం పెరిగింది. ఆ సంస్థ మనుషులను కూడా అమ్మింది. పిల్లలకు ఇది చెప్పాలా వద్దా అని బృందంలో గట్టి చర్చే జరిగింది. చెప్పి తీరాలన్నదే కార్యవర్గం అభిప్రాయం.

1765లో బ్రిటన్ కాగితాల మీద వేసిన స్టాంపు పన్నును వ్యతిరేకించిన వర్తకుల్లో మోరిస్ ముందున్నాడు. అయినా స్వాతంత్ర్యానికి ఇంకా సమయం రాలేదనే అనుకున్నాడు. 1776 జులై 2న వలస రాష్ట్రాల ప్రతినిధుల సభ అయిన కాంగ్రెస్‌లో, పెన్సిల్వేనియా ప్రతినిధిగా ఓటు వేయకుండా పక్కకు తప్పుకున్నాడు. దాంతో మిగిలిన ప్రతినిధుల్లో ఎక్కువమంది మాట మేరకు పెన్సిల్వేనియా ఓటు స్వాతంత్ర్యం వైపు పడింది. ఆగస్టులో తానూ సంతకం చేశాడు. తన మాట నెగ్గకపోయినా పని మానని ఈ గుణం బృందంలో చాలామందికి నచ్చింది.

ఆ డిసెంబరులో బ్రిటిష్ సైన్యం దగ్గరపడుతోందని కాంగ్రెస్ బాల్టిమోర్‌కు తరలిపోయింది. మోరిస్ ఊళ్లోనే ఉండిపోయాడు. సేనాధిపతి వాషింగ్టన్ డబ్బు పంపమని కబురు పెడితే స్పానిష్ డాలర్లు, ఫ్రెంచ్ క్రౌన్లు, ఇంగ్లిష్ షిల్లింగులు, ఏది దొరికితే అది రెండు సంచుల్లో పోసి పంపాడు. 1777 జనవరి 1న మరో 50,000 డాలర్ల కాగితపు డబ్బు సమకూర్చాడు.

1781లో ఆర్థిక వ్యవహారాలు చేతికి వచ్చేసరికి కాంగ్రెస్ నోట్లను తీసుకునే నాథుడే లేడు. మోరిస్ తన పేరు మీద నోట్లు రాశాడు. మన ఊళ్లలో ప్రోనోటు రాసినట్టే, సొంత పూచీ మీద! అవి చెల్లాయి. వర్జీనియాలోని యార్క్‌టౌన్ యుద్ధానికి నడుస్తున్న సైనికులు జీతం ఇస్తేగానీ కదలమంటే, ఫ్రెంచి సేనాని రోషాంబో దగ్గర 20,000 డాలర్ల నాణేలు బదులు తెచ్చి పంచిపెట్టించాడు. స్వాతంత్ర్య ప్రకటన మీదా, రాజ్యాంగం మీదా ఆయన సంతకం ఉంది.

తర్వాత ఓడలు బళ్లయ్యాయి. అప్పులు చేసి లక్షల ఎకరాల భూమి కొన్నాడు, అమ్ముడుపోలేదు. సుమారు 30 లక్షల డాలర్ల బాకీతో 1798లో అప్పులవాళ్ల జైలుకు వెళ్లాడు. ఒకప్పుడు అధ్యక్షుడి నివాసానికి తన ఇల్లే ఇచ్చిన మనిషి! వాషింగ్టన్ జైలుకు వచ్చి ఆయనతో కలిసి భోంచేశాడు. 1801లో బయటికొచ్చి, 1806లో కన్నుమూశాడు.

క్రైస్ట్ చర్చిలోని సమాధినీ, మార్కెట్ వీధిలో ఆ ఇల్లున్న చోటునీ సభ్యులు కుటుంబాలతో వెళ్లి చూశారు. వాషింగ్టన్ ఆ ఇంట్లో ఉంచిన తొమ్మిదిమంది బానిసల పేర్లను పిల్లలే పైకి చదివారు.

వచ్చే ఏడాది జులై వేడుకల్లో పిల్లలతో మోరిస్ జీవితం మీద తెలుగు నాటిక వేయించాలని, గ్రంథాలయానికి ఆ కాలపు చరిత్ర పుస్తకాలు కొనాలని ప్రతిపాదిస్తున్నాం. రెండింటికీ సర్వసభ్య సమావేశంలో మీ ఆమోదం కావాలి. నాటికలో చేరే పిల్లల పేర్లు సంక్రాంతిలోగా కార్యదర్శికి ఇవ్వండి.