అమ్మ అడిగిన నాలుగు లైట్లు

హైదరాబాద్,
ఆదివారం రాత్రి

మామా,

ఎలా ఉన్నావు? పిల్లల పరీక్షలు అయిపోయాయా? ఫోనే చేద్దామనుకున్నాను. కానీ చెప్పాల్సింది చాలా ఉంది, అందులో ఒకటి ఫోన్లో చెప్పడానికి నోరు రాదు. అందుకే కాగితం ముందు కూర్చున్నాను.

ముందు అమ్మ సంగతి. మంగళవారం కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. బాగా జరిగింది, కంగారు పడకు. మసకబారిన కటకాన్ని తీసేసి, దాని జాగాలో ప్లాస్టిక్ లెన్స్ పెట్టారు. మత్తు కూడా చుక్కల మందుతోనే. ఇప్పుడు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చుని, క్యాలెండర్‌లో అంకెలన్నీ పైకి చదువుతోంది. వచ్చిన రోజు మాత్రం ఒకటే ప్రశ్న: "బిడ్డా, లైట్ అంటే ఏంది?"

నేను బల్బు చూపించాను. "అది నాకెరుక లేదా" అంది.

ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టి డాక్టర్ "లైట్ వైపే చూడమ్మా" అన్నారట. సరేనని పైన మెరుస్తున్న దాన్నే చూసింది. కాసేపటికి "లైట్‌గా నొప్పి ఉంటే చెప్పు" అన్నారట. వెలుగులాగా నొప్పి ఎట్లుంటదో తెలియక నోరు మూసుకుని పడుకుంది. బయటికి తెచ్చాక సిస్టర్ "ఈ పూటకు లైట్‌గా తిను" అంది. సాయంత్రం చూడడానికి వచ్చిన కింది వాటా ఆమె "ఈ వయసులో అందరికీ ఉండేదే పిన్నీ, లైట్ తీస్కో" అంది. "నాలుగు సార్లు చెప్పిన్రు, నాలుగూ ఒక్కటి కాదు. నువ్వు చదువుకున్నోనివి, చెప్పు" అని పట్టుకుంది.

ఆ రాత్రి నిజంగానే నిఘంటువు తీశాను మామా. తీశాక పన్నెండయినా నిద్ర రాలేదు.

లైట్ ఒక మాట కాదు, రెండు. వెలుగు అనే లైట్ వేరు, తేలిక అనే లైట్ వేరు. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులోనే రెండూ దాదాపు ఒకేలా పలికేవి, తర్వాత పూర్తిగా కలిసిపోయాయి. కానీ పుట్టిన ఇళ్ళు వేరు. జర్మన్‌లో ఇప్పటికీ విడివిడిగానే ఉన్నాయి, వెలుగుకు లిఖ్ట్, తేలికకు లైఖ్ట్. చిన్నప్పుడు స్పెల్లింగ్‌లో బట్టీ పట్టామే, పలకని ఆ జీ, హెచ్, అవి ఒకప్పుడు ఇంగ్లీషులో కూడా గొంతులోంచి ఖ్ అని పలికేవట. శబ్దం పోయింది, అక్షరాలు మిగిలిపోయాయి.

ఇంకా ఉంది. తేలిక అనే లైట్‌కు మన దగ్గర చుట్టం ఉంది, లఘువు! ఛందస్సులో గురువు, లఘువు అని గీతలు గీసేవాళ్ళం కదా, ఆ లఘువే. సంస్కృతం లఘు, ఇంగ్లీషు లైట్, రెండూ ఒకే పాత మూలం నుంచి వచ్చాయి. ఊపిరితిత్తులను లంగ్స్ అంటారే, అది కూడా ఈ ఇంటిదే. మిగతా అవయవాలకంటే తేలిక కాబట్టి ఆ పేరు. రెండో లైట్, అంటే వెలుగు, దానికి చుట్టం ఎవరో ఊహించు. రుచి. సంస్కృతంలో రుచి అంటే నాలుకకు తెలిసేదే కాదు, కాంతి కూడా. పొద్దున అమ్మకు ఉప్పూ కారం తగ్గించి పప్పుచారు పెట్టాను. "దీంట్ల రుచి లేదు" అంటే, "లైట్ లేదు అను, రెండూ ఒక్కటేనట" అన్నాను. ఆపరేషన్ తర్వాత అమ్మ నవ్వడం అదే మొదటిసారి.

కానీ నాకు అన్నిటికంటే నచ్చింది మన తెలుగు వెలుగే. తెలుపు అనే అర్థంలో వెల్ అని పాత ద్రావిడ ధాతువు ఒకటి ఉంది. వెలుగు అందులోంచే, వెండి అందులోంచే, వెన్న కూడా. వెన్నెలను విడదీసి చూడు, తెల్లని నెల. నెల అంటే చంద్రుడే కదా. ఇంగ్లీషువాడికి ఒకే పలుకులో రెండు మాటలు ఇరుక్కున్నాయి. మనకు ఒక్క తెలుపు లోంచి ఇన్ని మాటలు పుట్టాయి. తేలిక అనే మాట చూడు, తేలేది తేలిక. నీళ్ళ మీద ఆకు కళ్ళముందు కనిపిస్తుంది. ఇంత మంచి మాటలు ఇంట్లో ఉన్నాయి కదా అని నేను లైట్‌ను వదిలెయ్యమనడం లేదు. ఈ ఊళ్ళో అది ఎప్పుడో మనదైపోయింది.

మరుసటి రోజు నుంచి చెవులు రిక్కించి వింటున్నాను. చాయ్ దగ్గర "లైటా, స్ట్రాంగా?" బట్టల షాపులో "ఇందులో లైట్ కలర్ చూపించండి." చినుకులు పడితే "లైట్‌గా పడుతోంది, పోదాం పా." పాతబస్తీలో కరెంటు పోతే "లైట్ గయీ" అంటారు, ఫ్రిజ్ ఆగినా, ఫ్యాన్ ఆగినా పోయింది లైటే. అదే రోడ్డు మీద ఎర్రదీపం మాత్రం లైట్ కాదు, సిగ్నల్. డ్రైవింగ్ లైసెన్సులో ఎల్ఎంవి అని ఉంటుంది చూడు, లైట్ మోటార్ వెహికల్. చట్టం లెక్కలో 7500 కిలోల దాకా లైటే! ఏడున్నర టన్నులు లైటంటే అమ్మ నమ్మలేదు. "మరి బరువు దేన్నంటరు?" అంది.

మన అమీర్‌పేట గది గుర్తుందా? మైత్రీవనం వెనక, మూడో అంతస్తు, ఇద్దరికీ కలిపి ఒకే ట్యూబ్‌లైట్. మొదటి వారం నువ్వు "లైట్ కట్టెయ్" అంటే నాకు అర్థం కాలేదు, దేనితో కట్టాలి అని అడిగాను. నేను "బంద్ చెయ్" అంటే నువ్వు తలుపు వేశావు. రాజమండ్రి కట్టడం, కరీంనగర్ బంద్ చేయడం, రెండూ కలిసిన గది అది. చివరికి నువ్వు "బంద్ చెయ్ మామా" అనేవాడివి, నేను "కట్టెయ్" అనేవాణ్ని.

ఇప్పుడు అసలు సంగతి.

"లైట్ తీస్కో" అనే మాట దగ్గర అమ్మకు అర్థం చెప్పలేక ఆగిపోయాను. పట్టించుకోకు, మనసులో పెట్టుకోకు అని చెప్పాను. ఇంగ్లీషులో దీనికి దగ్గరి మాట ఉంది, దేన్నయినా లైట్లీ తీసుకోవడం అంటారు. కానీ వాళ్ళు దాన్ని ఎక్కువగా "తీసుకోకు" అని హెచ్చరించడానికి వాడతారు. మనం తీసుకోమని ఓదార్పుగా చెబుతాం. అదే మాట ఒక మనిషి గురించి అంటే ఇంకోలా ఉంటుంది, "వాణ్ని లైట్ తీసుకున్నారు" అంటే లెక్కచేయలేదని. ఓదార్పు, చిన్నచూపు, రెంటికీ ఒకటే మాట.

అమ్మ విని కాసేపు ఊరుకుంది. తర్వాత మెల్లగా అంది: "ఎడమ కన్నుకు కూడ చెయ్యాలంటున్నరు గద, నాకు భయమైతున్నది అని చెప్పబోయిన. లైట్ తీస్కో అని లేచి పోయింది. ఆమెకు తేలికయింది గని, నాకు కాలె."

అప్పుడు నువ్వు గుర్తొచ్చావు మామా. నీ ఉద్యోగం పరీక్ష ఫలితాలు వచ్చిన రాత్రి. రెండు మార్కులతో పోయింది. నువ్వు ఫోన్ మంచం మీద పడేసి "ఇంట్లో ఏం చెప్పాలిరా" అన్నావు. నేను "లైట్ తీస్కో మామా, మళ్ళీ రాద్దాం" అని గోడ వైపు తిరిగి పడుకున్నాను. పొద్దున్నే షిఫ్ట్ ఉంది నాకు. నువ్వు లేచి ట్యూబ్‌లైట్ ఆపి మేడ మీదికి వెళ్ళావు. తలుపు చప్పుడు విన్నాను, నిద్రపోలేదు నేను. లేచి రావచ్చు. రాలేదు. ఏం చెప్పాలో తెలియలేదు, తెలియదని ఒప్పుకోవడం కంటే ఆ మాట అనేయడం సులువు అనిపించింది. నెల తిరగకుండా నువ్వు గది ఖాళీ చేసి వెళ్ళిపోయావు. ఇన్నేళ్ళలో మనం ఎన్నో మాట్లాడుకున్నాం, ఆ రాత్రి సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. నువ్వు మర్చిపోయి ఉండొచ్చు. నేను మర్చిపోలేదు. క్షమించు.

ఆ తర్వాత అమ్మ పక్కన కూర్చుని ఎడమ కన్ను గురించి అడిగాను. ఏం భయమో అంతా చెప్పించాను. ఆపరేషన్ మధ్యలో దగ్గు వస్తే ఎట్లా అని భయమట. వారం నుంచి అదే మనసులో పెట్టుకుని ఉంది. డాక్టర్‌ను అడిగాం. దగ్గు వచ్చేలా ఉంటే ముందే చెబితే చాలు, ఆపుతాం అన్నారు. ఆ మాటకు అమ్మ మొహం చూడాలి నువ్వు.

ఎడమ కంటికి వచ్చే నెలలో చేస్తారు. "ఆ రాజమండ్రి పిల్లగాన్ని రమ్మను, పూతరేకులు తెమ్మను" అంటోంది అమ్మ. వీలైతే రెండు రోజులు సెలవు పెట్టి రా. ఇప్పుడున్న ఇంటికీ మేడ ఉంది. ఆ రాత్రి పైన ఒక్కడివే కూర్చుని ఏం అనుకున్నావో, చెప్పాలనిపిస్తే చెప్పు. ఈసారి నాకు పొద్దున షిఫ్ట్ లేదు.

తొమ్మిదయింది, అమ్మకు చుక్కల మందు వేయాలి. చెల్లెమ్మను, పిల్లలను అడిగానని చెప్పు.

నీ
రూమ్మేట్