ముందు గోళ్ళు చూసింది

అంబాజీపేట,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ షేకూ,

జవాబు ఇంత ఆలస్యం చేసినందుకు నువ్వు తిట్టే తిట్లు ఇక్కడిదాకా వినిపిస్తున్నాయి. క్షమించు. ఫోన్లో చెబుదామంటే ఎప్పుడూ పక్కన ఎవరో ఒకరుంటారు. మా బావమరిది ఈ సాయంత్రమే కువైట్ బయల్దేరుతున్నాడు, వాడి చేతికిచ్చి పంపుతున్నా. పిల్లలు బాగున్నారు, కొబ్బరి ధర ఈసారి పర్లేదు, మీ అమ్మగారికి బీపీ మాత్రలు తెచ్చిచ్చాను. కబుర్లు అయిపోయాయి. ఇక అసలు సంగతి.

పెద్దత్తని హోంలో చేరుస్తున్నాం.

ఆగు, మొహం అలా పెట్టకు. సంక్రాంతి తర్వాత బాత్రూంలో జారిపడింది. తుంటి విరగలేదు కానీ ఒక్కతే ఉండే ధైర్యం పోయింది. ఆయాల్ని పెట్టాం, ఒక్కరూ నిలవలేదు. రాజమండ్రిలో మాది మూడో అంతస్తు, లిఫ్టు సంగతి నీకు తెలుసుగా. అన్నయ్య పాలకొల్లులో ఏసీ, ఫిజియోథెరపీ అన్నీ ఉన్న హోం ఒకటి చూశాడు. ఈవిడది ఒకటే మాట: "గోదారి దాటి రానురా." చించినాడ వంతెన మీద కార్లో వెళ్తాం కదా అత్తా అంటే, "వంతెనెక్కితే గోదారి కాకుండా పోతుందేంటి?"

మధ్యలో అన్నయ్య ఇల్లు ఎవరికి రాస్తుందో అని కదిపాడు. వాడి ఉద్దేశం చెడ్డది కాదులే, కానీ... అత్త తాపీగా, "నన్ను చూసుకోవాలని షరతు పెట్టి రాసిచ్చాక చూడకపోతే, ఆర్డీవో గారి దగ్గర రద్దు చేయించుకోవచ్చట కదా, 2007 చట్టంలో ఉందట" అంది. టీవీలో విందట! అన్నయ్య మళ్ళీ ఆ మాటెత్తితే ఒట్టు. ఇల్లు అద్దెకిచ్చి, ఆ డబ్బూ తోట కౌలూ హోంకి కట్టుకుంటానంది. తక్కువ పడింది మేమిద్దరం వేసుకోవాలి.

మొదట అమలాపురం దగ్గర ఒకటి చూశాం. పెద్ద బోర్డు, నున్నటి టైల్సు. "మంచం పడితే ఏం చేస్తారు నాయనా?" అనడిగింది. "అప్పుడు మీవాళ్ళు తీసుకెళ్ళిపోవాలండి" అన్నాడు మేనేజరు. "మంచం పట్టాకే కదా మనిషి కావాల్సింది" అని, ఇచ్చిన టీ కూడా తాగకుండా లేచింది.

రెండోది సందులో పాత పెంకుటిల్లు. ఎనిమిది మంది పెద్దవాళ్ళు. నడిపేది ఒకప్పుడు నర్సుగా చేసిన ఆవిడ. నాకు చూడగానే నచ్చలేదు, గోడలు పెచ్చులూడుతున్నాయి. అత్త గదులే చూడలేదు. వరండాలో ఒక మామ్మగారి పక్కన కూలబడి, ఏ ఊరు, ఎంతమంది పిల్లలు అంటూ కబుర్లేసుకుని, ఆవిడ కాళ్ళకేసి వంగింది. తర్వాత పక్కావిడవి. నన్ను పిలిచి చెవిలో, "కాలి గోళ్ళు చూడరా. చేతివి ఎలాగోలా వాళ్ళే తీసుకుంటారు. కాలివి ఇంకొకళ్ళు కూర్చుని తీయాలి." అందరివీ తీసి ఉన్నాయి.

అక్కణ్ణించి మంచాన ఉన్న ఒక పెద్దాయన గదిలోకి పోయింది. వాసన లేదు. ఎన్ని గంటలకోసారి పక్కకి తిప్పుతున్నారంటే, రెండు గంటలకోసారి, లేకపోతే వీపు పుండు పడుతుందని చెప్పి, మంచానికి కట్టిన నోటుబుక్కు చూపించింది నర్సమ్మ. అత్త కళ్ళజోడు సర్దుకుని పేజీలు తిప్పడం మొదలెట్టింది. ఏం చూస్తున్నావంటే, "రాత్రంతా ఒకే పెన్ను, ఒకే రాత అయితే పొద్దున్న కూర్చుని నింపినట్టేగా" అంది. ఒరేయ్, హాస్టల్ రిజిస్టర్లో మనం వారం సంతకాలు ఒక్క పూటలో గీకిన సంగతి ఈవిడకి నువ్వే చెప్పావా?

ఒక రాత్రి రెండు గంటల గడి ఖాళీగా ఉంది. వేలు పెట్టి అడిగింది. నర్సమ్మ తడుముకోలేదు: "ఆ రాత్రి ఆయా నిద్రపోయిందండి. నాలుగింటికి నేనే చూసి తిప్పాను." అంతే, అత్త పుస్తకం మూసేసి, "నాకు కిటికీ పక్క మంచం కావాలి" అంది! నేను డిపాజిట్ గురించి అడగనే లేదింకా. ఆ ఖాళీ గడి ఉండబట్టే మిగతావన్నీ నమ్మిందట.

ఇక వరస పెట్టి హుకుములు. కమోడ్ పక్కన పట్టుకోడానికి కడ్డీ లేదు, బిగించాలి. గడప దగ్గర మెట్టు తీయించాలి. "డొక్కా సీతమ్మ గారు పుట్టెడు మందికి అన్నం పెట్టిన సీమలో ఇంత పల్చటి చారా?" అని వంటమనిషిని నిలదీసింది. పనసపొట్టు కూర తనే నేర్పుతుందట. 86 వరదకి ఈ సందులోకి నీళ్ళొచ్చాయా అని ఎదురింటివాళ్ళని కూడా కనుక్కుంది. రాలేదట.

టెన్షన్ అంతా పెన్షన్ గురించే. ఒకటో తారీఖున సచివాలయం అమ్మాయి ఇంటికొచ్చి ఇచ్చే ఆ 4,000 ఏమవుతాయని. రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెల కలిపి ఇస్తారని చెప్పాను. ఈలోగా బదిలీకి దరఖాస్తు పెట్టాలి.

తిరుగు దారిలో మాత్రం నోరు విప్పలేదు. నాకేమో నాన్న ఉంటే ఏమనేవాడో అని... సరే వదిలేయ్. కొబ్బరి బోండాల బండి కనపడగానే కారాపమంది, లేతది కొట్టించుకుంది, బేరం కూడా ఆడింది.

ఆషాఢంలో కదలదట, శ్రావణంలో చేరుతుంది. ముందు ఒక నెల ఉండి చూస్తుంది, నచ్చకపోతే అప్పుడు... అది ఇంకా తేల్చుకోలేదు. నీకూ ఒక పని చెప్పింది: రాత్రి మంచం దిగగానే దానంతటదే వెలిగే చిన్న లైటు ఉంటుందట, అది పట్రమ్మంది. ఖర్జూరాలు వద్దంది, షుగరు. లైటు బ్యాటరీదైతే ఏ సైజుదో చూసి, ఇక్కడ దొరికేదే...

వీడు హారన్ కొట్టేస్తున్నాడు. కవరుకి గమ్ కూడా లేదు. ఉంటా.

నీ
రెండో బెంచీ