బాండ్ల గడువు కూడా అచ్చువేయండి

సంపాదకులకు,

మూడు నెలలకోసారి చిన్న బ్యాంకుల ఫలితాలు పత్రికల్లో వస్తుంటాయి. లాభం, డిపాజిట్లు, మొండి బకాయిల తర్వాత చివర్లో ‘మూలధన నిష్పత్తి 16.5 శాతం’ లాంటి ముక్క ఒకటి ఉంటుంది. బ్యాంకు ఇచ్చిన అప్పుల్లాంటి ఆస్తులను రిస్కును బట్టి తూచి, అందులో మూలధనం ఎంత శాతమో చెప్పే లెక్క అది. స్మాల్ ఫైనాన్స్ బ్యాంకుకు రిజర్వు బ్యాంకు పెట్టిన కనీస గీత 15 శాతం. దాన్ని దాటింది కదా అని పాఠకులు నిశ్చింతగా ఉంటారు. ఆ 16.5లో సొంత డబ్బు ఎంత, అప్పు తెచ్చి చూపిస్తున్నది ఎంత అన్నది మాత్రం వార్తలో ఉండదు.

టైర్‌-2 బాండ్లు (మూలధనంలో రెండో తరగతి) అచ్చంగా అప్పే. బ్యాంకు మూతపడితే డిపాజిటర్లకు ఇచ్చాకే బాండ్లవాళ్ల వంతు వస్తుంది కనుక వాటిని మూలధనంలో కలుపుకోనిస్తారు. అయితే తీర్చడానికి మిగిలిన గడువు ఐదేళ్లలోపుకు దిగిన దగ్గర్నుంచి ఏటా 20 శాతం చొప్పున లెక్కలోంచి తీసేయాలి. చివరి ఏడాదిలో అది సున్నా.

ఒక లెక్క వేసి చూద్దాం. రిస్కును బట్టి తూచిన ఆస్తులు 1,000 కోట్లు. సొంత మూలధనం, అంటే టైర్‌-1, 115 కోట్లు. 11 శాతం వడ్డీకి తెచ్చిన ఏడేళ్ల బాండ్లు 50 కోట్లు. మొత్తం 165 కోట్లు, నిష్పత్తి 16.5. మిగతావేవీ మారలేదనుకున్నా, గడువు నాలుగేళ్లలోపుకు రాగానే 50లో 30 కోట్లే లెక్కకొస్తాయి. నిష్పత్తి 14.5కు పడి గీత కిందికి పోతుంది. వడ్డీ మాత్రం 50 కోట్ల మీదే, ఏటా 5.5 కోట్లు కట్టాలి. లెక్కకొచ్చే 30 కోట్లకు అది 18.3 శాతం పడుతుంది. రెండేళ్లలోపు మిగిలితే లెక్కకొచ్చేది 10 కోట్లే, దాని మీద ఖర్చు 55 శాతం! కాగితం మీద వడ్డీ రేటు మారదు, మూలధనంగా దాని ఖరీదు మాత్రం ఏటేటా పెరిగిపోతుంది.

అప్పుడు బ్యాంకు కొత్త బాండ్లు అమ్మాలి, లేదా వాటాదారుల దగ్గర డబ్బు తేవాలి, అదీ కాకుంటే అప్పులివ్వడం తగ్గించుకోవాలి. మొండి బకాయిలు పెరిగిన సమయంలోనే ఈ అవసరం వచ్చిందా, కొత్త బాండ్లు కొనేవాడు దొరకడు. దొరికినా ఇంకా ఎక్కువ వడ్డీ అడుగుతాడు. ఆ వడ్డీ రాబట్టుకోవడానికి బ్యాంకు మరింత రిస్కున్న అప్పుల వైపు మొగ్గడం మా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరం.

1926లో తమిళనాడులోని కరూరులో పుట్టిన లక్ష్మీ విలాస్ బ్యాంకు 2020 నవంబరులో సింగపూర్ బ్యాంకు డీబీఎస్ భారత విభాగంలో కలిసినప్పుడు డిపాజిటర్ల డబ్బు భద్రంగానే ఉంది. టైర్‌-2 బాండ్లు 318.20 కోట్లు మాత్రం పూర్తిగా రద్దయ్యాయి. వాటాదారులకూ ఏమీ మిగల్లేదు. ఆ బ్యాంకు మూలధన నిష్పత్తి అదే ఏడాది మార్చి నాటికే 1.12 శాతానికి పడిపోయి ఉంది.

ఎక్కువ వడ్డీ అని చెప్పి ఎవరైనా కాగితం చేతిలో పెడితే, దాని మీద ‘సబార్డినేటెడ్’ (చెల్లింపులో డిపాజిటర్ల తర్వాతి వంతు) అన్న మాట ఉందేమో ముందు చూసుకోవాలి. ఉంటే అది ఫిక్స్‌డ్ డిపాజిట్ కాదు, 5 లక్షల డిపాజిట్ బీమా దానికి వర్తించదు. వార్షిక నివేదికలో షెడ్యూల్‌ 4 తెరిస్తే బ్యాంకు తెచ్చిన అప్పులు, షెడ్యూల్‌ 15లో కట్టిన వడ్డీ కనిపిస్తాయి. డిపాజిట్లపై వడ్డీ వేరే వరుసలో ఉంటుంది కాబట్టి మిగతా అప్పుల భారం ఎంతో విడిగా పట్టుకోవచ్చు. నికర మొండి బకాయిలను, అంటే నష్టం కోసం ముందే పక్కన పెట్టిన సొమ్ము తీసేశాక మిగిలిన వాటిని, టైర్‌-1తో భాగించి చూడటం ఇంకా మంచిది. 115 కోట్ల సొంత డబ్బున్న బ్యాంకులో నికర మొండి బకాయిలు 60 కోట్లుంటే, అవి తిరిగి రాకపోతే సగం పైగా పోయినట్టే.

ఇంత వెతుకులాట మామూలు డిపాజిటరు చేయలేడు. అందుకే మీ వాణిజ్య పేజీలో ఫలితాలు ఇచ్చేటప్పుడు మొత్తం నిష్పత్తి పక్కనే టైర్‌-1 శాతం, టైర్‌-2 బాండ్ల మొత్తం, వాటికి మిగిలిన గడువు కూడా ఇవ్వాలని కోరుతున్నాం. రెండు వరుసల స్థలం చాలు.

– బ్యాంకు ఆడిట్ పనిలో ఉన్న కొందరు పాఠకులు, హనుమకొండ