హామ్‌కు బెల్లం పాకం చివరి అరగంటలోనే పూయాలి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో క్రిస్మస్ విందు కోసం ఇచ్చిన హామ్ (ఉప్పులో ఊరవేసిన పంది తొడ మాంసం) తయారీ విధానాన్ని మా ఇంట్లో అందరం శ్రద్ధగా చదివాం. సంక్రాంతి అరిసెలకూ దసరా బొబ్బట్లకూ ఇచ్చినంత చోటు క్రిస్మస్ వంటకు కూడా ఒక తెలుగు పత్రికలో దక్కడం మాకెంతో సంతోషం కలిగించింది. అయితే అందులో రెండు విషయాలు సరిదిద్దవలసి ఉన్నాయి. పండుగకు ఇంకా రెండు వారాల గడువు ఉంది గనుక, ఆ పద్ధతిని నమ్మి ఎవరూ నష్టపోకముందే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొదటిది, అన్నిటికన్నా ముఖ్యమైనది, తీపి పూతను ఎప్పుడు పట్టించాలన్న సంగతి. పంచదార, తేనె కలిపిన పాకాన్ని మాంసానికి మొదటే పూసి రెండున్నర గంటలు ఓవెన్‌లో ఉంచమని మీ వ్యాసంలో ఉంది. పెళ్లయిన కొత్తలో నేను సరిగ్గా ఇదే పొరపాటు చేశాను. గంట గడిచేసరికి పైభాగం బొగ్గులా నల్లబడింది, ట్రేలోకి కారిన పాకం మాడి ఇల్లంతా పొగ కమ్మింది, లోపలి మాంసానికి మాత్రం ఇంకా వేడి అందలేదు. ఆ చేదు కొవ్వులోకి కూడా దిగడంతో పై పొరంతా కోసి పారేయవలసి వచ్చింది. పంచదార సుమారు 160 డిగ్రీల సెల్సియస్ దాటాక రంగు మారడం మొదలుపెడుతుంది, తేనెలోని ఫ్రక్టోజ్ అనే చక్కెర అంతకన్నా చాలా తక్కువ వేడికే, దాదాపు 110 డిగ్రీల దగ్గరే, రంగు తిరుగుతుంది. అలాంటి పూతను రెండున్నర గంటలు వేడిలో ఉంచితే మాడకుండా ఎలా ఉంటుంది?

రైల్వే క్వార్టర్లలో చాలా ఏళ్లు గడిపిన మా అత్తగారు, ఇరుగుపొరుగు ఆంగ్లో ఇండియన్ కుటుంబాల దగ్గర నేర్చుకున్న పద్ధతిని ఆ మరుసటి ఏడాది నాకు దగ్గరుండి చూపించారు. ఈ నగరంలో కోల్డ్ స్టోరేజీ దుకాణాలవారు అమ్మే హామ్ ఎక్కువగా ముందే ఉడికించినది, దాన్ని మనం వేడి చేస్తే చాలు. రెండు కిలోల ముక్కను అల్యూమినియం రేకుతో కప్పి, ట్రేలో అడుగున కొద్దిగా నీళ్లు పోసి, 160 డిగ్రీల దగ్గర ఒక గంటా పావు ఉంచితే లోపలి దాకా వేడెక్కుతుంది. థర్మామీటరు ఉన్నవారు మధ్యలో 60 డిగ్రీలు చూసుకుంటే మేలు. పూత ఆఖరి ఇరవై అయిదు, ముప్పై నిమిషాల పని మాత్రమే. రేకు తీసేసి, వేడిని 200 డిగ్రీలకు పెంచి, పది నిమిషాలకొకసారి పల్చగా మూడు పూతలు పూయాలి. మన ఇళ్లలో ఉండే చిన్న ఓటీజీలలో (కరెంటు ఓవెన్లలో) వేడెక్కే పై కమ్మీ మాంసానికి మరీ దగ్గరగా ఉంటుంది గనుక ట్రేను కింది అరలో పెట్టి, ఈ అరగంటా పక్కనే నిలబడి చూసుకోవాలి. ఉప్పుతోపాటు నైట్రైట్ అనే నిల్వ లవణం కలిపి ఊరవేసిన ఇలాంటి మాంసం ఎంత ఉడికినా గులాబీ రంగులోనే ఉంటుంది. అది పచ్చిగా ఉందని భ్రమపడి ఇంకా కాల్చడం వల్ల కూడా చాలామంది చేతిలో పూత మాడుతోంది.

రెండవది, ఈ వంటకు దిగుమతి చేసుకున్న బ్రౌన్ షుగర్ తప్పనిసరి అన్న మాట. దీనితో నేను ఏమాత్రం ఏకీభవించను. బజారులో దొరికే బ్రౌన్ షుగర్ చాలావరకు తెల్ల పంచదారకు మొలాసిస్ (చెరకు మడ్డి) తిరిగి కలిపినదే. చెరకు రసాన్ని కాచి దించిన మన బెల్లంలో ఆ మొలాసిస్ మొదటినుంచీ ఉంటుంది, అందుకే దాని రుచిలో అంత లోతు, రంగులో అంత నిండుదనం. మా ఇంట్లో అనకాపల్లి బెల్లమే వాడతాం. 150 గ్రాముల బెల్లాన్ని తరిగి, అరకప్పు బత్తాయి రసంలో కరిగించి, పాయసానికి చేసినట్టే ఇసుక, నలకలు పోయేలా వడగట్టాలి. తరువాత రెండు చెంచాల ఆవపిండి, ఒక పెద్ద చెంచా వెనిగర్, కొద్దిగా మిరియాల పొడి వేసి సన్నని సెగ మీద మరిగించాలి. వెనిగర్ తీపిని విరిచి ఉప్పుతో సరితూగేలా చేస్తుంది, పాకం గడ్డకట్టకుండానూ కాపాడుతుంది. హామ్‌లో ఉప్పు ముందే ఉంటుంది గనుక ఇందులో చిటికెడు కూడా వేయరాదు.

పాకం చూడటం మన ఆడవాళ్లకు ఎవరూ నేర్పనక్కరలేదు. వేళ్ల మధ్య ఒక లేత తీగ సాగగానే దించేయాలి, చల్లారే కొద్దీ అది మరికాస్త చిక్కబడుతుంది. అరిసెల పాకం దాకా వెళ్లనిస్తే ఓవెన్‌లోంచి తీశాక గట్టిపడి, కోసేటప్పుడు కత్తి కింద పెంకులా పగులుతుంది. పల్చగా వదిలేస్తే మాంసం మీద నిలవక జారిపోయి ట్రేలో మాడుతుంది. జారడానికి ఇంకో కారణం తడి. తోలు తీశాక కొవ్వును శుభ్రమైన గుడ్డతో పొడిగా తుడిచి, కత్తితో మాంసం దాకా దిగకుండా అడ్డంగా, నిలువుగా గాట్లు పెట్టి, ఒక్కో గడిలో ఒక్కో లవంగం గుచ్చితే పాకం ఆ గాట్లలో చక్కగా నిలుస్తుంది. లవంగం వాసన కొవ్వులోకి ఇంకి, చర్చినుంచి వచ్చేసరికి వాకిట్లోనే ఎదురవుతుంది. మా పిల్లలకు క్రిస్మస్ అంటే మొదట గుర్తొచ్చేది ఆ వాసనే.

1806లో కంటోన్మెంటుగా ఏర్పడిన సికింద్రాబాద్‌లో పల్టన్ల వల్లా రైల్వే వల్లా స్థిరపడిన ఈ వంట ఇవాళ ఎన్నో తెలుగు క్రైస్తవ కుటుంబాలలోనూ ఉంది. ఒక పెద్ద హామ్ ఖరీదు మధ్యతరగతి ఇంటికి చిన్న విషయం కాదు, ఏడాదికి ఒక్కసారి కొనేవారే ఎక్కువ. కాబట్టి పూత సమయాన్ని సరిచేస్తూ, బ్రౌన్ షుగర్ స్థానంలో బెల్లం వాడుకోవచ్చునని తెలుపుతూ, వచ్చే ఆదివారం అనుబంధంలోనే, అదే పేజీలో, ఒక సవరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మెట్టుగూడ, సికింద్రాబాద్