ఆ అంబాసిడర్‌కి మొదట అయస్కాంతం పెట్టి చూడు

ఒరేయ్ సత్తిబాబూ,

అంబాజీపేటలో నువ్వు చూసొచ్చిన అంబాసిడర్ ఫోటోలు అందాయి. పెయింటు తళతళలాడుతోందని మురిసిపోయి అడ్వాన్సు ఇచ్చేయకురా. పాత కారు మీద కొత్త పెయింటు చూస్తే నాకు ముందు అనుమానమే వస్తుంది. వెలిసిపోయినా సరే, ఫ్యాక్టరీ రంగుతో ఉన్న బండే మేలు. దాని కింద ఏముందో కంటికి కనబడుతుంది.

నువ్వు చూసిన మార్క్ 2 అంటే 1962 నుంచి 1975 దాకా బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారైన బండి. సన్నగళ్ల గ్రిల్ దాని గుర్తు. అది పోయి తర్వాతి మోడల్ మార్క్ 4 గ్రిల్ బిగించి ఉంటే బేరం తగ్గించి అడుగు. గ్రిల్ ఎక్కడో ఒకచోట దొరుకుతుంది గానీ నంబర్లు దొరకవు. ఆర్సీ పట్టుకుని చాసిస్ నంబరూ ఇంజిన్ నంబరూ ఒక్కో అంకె సరిచూడు. కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ప్రింటు తీసుకో. చుట్టూ గ్రైండింగ్ గీతలో, వెల్డింగో కనిపిస్తే వదిలెయ్. పెట్రోల్ ఇంజిన్ పీకేసి డీజిల్ వేసిన బళ్లూ ఉన్నాయి, అదీ చూసుకో. 2021 జూలైలో వచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చని బండికే వింటేజ్ బళ్లకిచ్చే ‘వీఏ’ నంబరు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, 10 ఏళ్లు చెల్లుతుంది. ఆ నంబరుతో రోజూ తిరగడం మాత్రం కుదరదు.

ఇక అసలు సంగతి బాడీ. చిన్న అయస్కాంతానికి పలచటి గుడ్డ చుట్టి తలుపుల అడుగు, తలుపుల కింది సిల్స్, చక్రాల పైన వంపులు, డిక్కీ నేల తడుముతూ పో. పట్టు వదిలి జారిన చోటల్లా లప్పమే. ఈ కారుకి విడిగా ఫ్రేము లేదు, బాడీయే బరువంతా మోస్తుంది. సిల్స్ తుప్పు తింటే నడుం విరిగినట్టే. తుప్పు మీదే రేకు అతికించే టింకరింగ్ వద్దు బావా. రెండు రేకుల మధ్య చెమ్మ చేరి, మన ఉప్పుగాలికి లోపల్నుంచి తినేస్తుంది. కుళ్లినంత మేరా కోసేసి, అంతే మందం రేకు అంచుకి అంచు కలిపి వెల్డింగ్ చేయించి, లోపల మైనం కొట్టించాలి. వరదలో మునిగిన బండా అన్నది తేలాలంటే హెడ్‌లైటు గిన్నెల వెనక, సీటు స్ప్రింగుల అడుగున, తలుపు అట్టల వెనక చూడు. ఎంత కడిగినా ఒండ్రు అక్కడ మిగిలిపోతుంది.

ఇంజిన్ 1489 సీసీ, స్టాండర్డ్ బోరు, అంటే సిలిండర్ లోపలి వ్యాసం, 73.025 మిల్లీమీటర్లు. ఇప్పటికే 40 థౌ, అంటే ఇంచుమించు ఒక మిల్లీమీటరు, దాకా బోరు చేసి పెద్దది చేసి ఉంటే బ్లాకు పారేయమని చెబుతారు, ఒప్పుకోకు. సిలిండర్లలో స్లీవులు, అంటే కొత్త లోపలి గొట్టాలు, దింపించి మళ్లీ స్టాండర్డ్‌కి తేవచ్చు, అసలు బ్లాకు బండిలోనే ఉంటుంది. ఎస్‌యూ కార్బరేటర్ ఉంటే దాన్నీ మార్చనివ్వకు. ఐడిలింగ్ నిలవకపోతే, దాని స్పిండిల్ (యాక్సిలరేటర్ నొక్కితే తిరిగే కడ్డీ) రెండు చివర్లా ఇంజిన్ ఆయిల్ చుక్క వెయ్. శబ్దం మారిందంటే అక్కడ గాలి లాగుతున్నట్టు. లేత్ దగ్గర కంచు బుష్షులు తిప్పించి వేస్తే సరిపోతుంది.

బంపర్లూ అంతే, పాతవాటికే పూత వేయించు. ముందు రాగి, తర్వాత నికెల్, చివర క్రోమ్. తుప్పుని ఆపేది నికెలే. అది పలచగా వేసి పైన క్రోమ్ మెరుగు పెడితే కొన్నాళ్లకే చుక్కలు చుక్కలుగా తుప్పు లేస్తుంది. పాలిష్ చక్రం దగ్గర అంచులు అరగదీయొద్దని ముందే గట్టిగా చెప్పు.

రబ్బరు దగ్గర మాత్రం ఒరిజినల్ పిచ్చి వద్దు. డబ్బా విప్పని పాత బ్రేకు కప్పులు చూడ్డానికి కొత్తవే, లోపల గట్టిపడి ఉంటాయి. బ్రేకు కప్పులూ గొట్టాలూ కొత్తవే వెయ్యి. పెట్రోల్ పైపులూ పంపులోని పొర డయాఫ్రమూ ఇథనాల్‌కి తట్టుకునేవి చూసి కొను. ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం దాకా అదే, అది చెమ్మ పీలుస్తుంది. బండి నెలల తరబడి నిలబెడితే ట్యాంకు అడుగున తుప్పు పడుతుంది.

విప్పిన ఒరిజినల్ సామాను ఒక్కటీ పాత ఇనుముకి వెయ్యకు. చీటీ కట్టి దాచు. ఆర్సీ, రెండు నంబర్లు, సిల్స్ అడుగు ఫోటోలు తీసి పంపు. బేరం ఆ తర్వాత మాట్లాడదాం.

నీ
సుబ్బరాజు