ఇంటి మీటరుకి స్కూటరు పెడితే కేసా?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పత్రికలో కరెంటు బండ్ల మీద అరపేజీ వేశారు. పెట్రోలు ఖర్చు ఎంత మిగులుతుందో, కేంద్రం సబ్సిడీ ఎంత ఇస్తోందో అన్నీ రాశారు. బండి ఇంటికి తెచ్చుకున్నాక దానికి ఛార్జింగ్ పెట్టుకోవడానికి మాలాంటి ఊళ్లలో పడే పాట్ల గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. అది చదివిన దగ్గర్నుంచి మనసు ఊరుకోక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో ఉన్నా ఇంట్లో చదివేది తెలుగు పత్రికే. మా తమ్ముడు కాశీనగర్ వైపు బడిలో పనిచేస్తాడు. రోజూ వెళ్లి రావడానికి ఎలక్ట్రిక్ స్కూటరు కొన్నాడు. హాల్లో ఉన్న 15 ఆంప్స్ ప్లగ్గు నుంచి కిటికీలోంచి వైరు లాగి, రాత్రి వరండాలో ఛార్జింగ్ పెట్టుకునేవాడు. ఓ సాయంత్రం మీటరు రీడింగుకి వచ్చినాయన కంట్లో ఆ వైరు పడింది. మీటరు బోర్డు మీద చెయ్యేసి నిలబడ్డాడు. ఫోను తీసి వైరుకి, స్కూటరుకి, ఇంటి నంబరుకి ఫొటోలు కొట్టాడు. "ఇంటి కనెక్షన్ మీద బండి ఛార్జింగ్ పెట్టకూడదు, ఇది కమర్షియల్ వాడకం, కేసు రాస్తే రెట్టింపు కట్టాలి" అన్నాడు. మా మరదలు బెదిరిపోయింది. అప్పుడు గొంతు తగ్గించి, "పైదాకా పోనివ్వకుండా ఇక్కడే చూసుకుందాంలెండి" అన్నాడు.

ఇది పచ్చి అబద్ధం. ఉన్న ఇంటి కనెక్షన్ మీదే సొంత బండికి ఛార్జింగ్ పెట్టుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. మామూలు స్కూటరు ఛార్జరు లాగే కరెంటు నీళ్లు కాచే గీజరు లాగేదాంట్లో సగం కూడా ఉండదు. గీజరు పెట్టినవాళ్లనీ ఏసీ పెట్టినవాళ్లనీ ఎవరూ వచ్చి అడగరు. స్కూటరు వరండాలో కనిపిస్తుంది కాబట్టి, రూలు జనానికి తెలియదు కాబట్టి, వీటి మీద పడ్డారు.

తమ్ముడు డబ్బులివ్వలేదు. ఈ గొడవంతా దేనికని ఛార్జింగ్ కోసం వేరే మీటరు ఇమ్మని దరఖాస్తు పెట్టాడు. అడిగినవాళ్లకి అలా విడిగా కనెక్షన్ ఇవ్వాలని 2024 ఫిబ్రవరిలో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు చెబుతున్నాయి. కొత్త కనెక్షన్‌కి మున్సిపాలిటీల్లో 7 రోజులు, పల్లెల్లో 15 రోజులు, కొండ ప్రాంతపు పల్లెల్లో 30 రోజులు గడువు. కొత్త కనెక్షన్ ఆలస్యం చేస్తే రోజుకి వెయ్యి రూపాయల దాకా జరిమానా వేయొచ్చని 2003 విద్యుత్ చట్టం 43వ సెక్షనే అంటోంది. చట్టంలో లోటేమీ లేదు.

లోటంతా కరెంటాఫీసు కౌంటరు దగ్గరుంది. కాగితాలు తీసుకున్నారు, రసీదు ఇవ్వలేదు. గడువు లెక్క మొదలయ్యేది అన్ని కాగితాలతో పూర్తయిన దరఖాస్తు అందిన రోజు నుంచి. రసీదే లేకపోతే అందిన రోజంటూ ఉండదు. అందుకని ముందు ఎర్తింగు రిపోర్టు అన్నారు, అది ఇస్తే ఇంటి పన్ను రసీదు పాతదన్నారు, అదీ తెస్తే ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు సర్టిఫికెట్ అన్నారు. లైసెన్సున్న కాంట్రాక్టరు ఎవరైనా సరిపోవాలి. వాళ్లు చెప్పినతని దగ్గరికే వెళ్లాలట. అతను మొహమాటం లేకుండా "నా కూలీ వేరు, ఆఫీసు ఖర్చు వేరు" అని రెండు లెక్కలు విడివిడిగా చెప్పాడు. ఫారాలేమో ఒడియాలో ఉంటాయి. మా తెలుగువాళ్లలో పెద్దవాళ్లు చాలామంది ఒడియా గడగడా మాట్లాడతారు గానీ చదవలేరు. వాళ్లు దళారి చేతిలో పడక ఏం చేస్తారు?

మా తమ్ముడికి నెల జీతం వస్తుంది, ఎదురు నిలబడగలిగాడు. అప్పు చేసి ఈ-రిక్షా కొన్నవాళ్ల సంగతి ఏమిటి? రాత్రి ఛార్జింగ్ పడకపోతే పొద్దున్న బండి కదలదు. వాళ్లు నోరు మూసుకుని ఇచ్చేస్తున్నారు. ఇవ్వలేనివాళ్లు ఊరు మాటుమణిగాక, సన్న ఎక్స్‌టెన్షన్ వైర్లతో, ఎర్తింగు లేని ప్లగ్గుల్లో దొంగచాటుగా పెడుతున్నారు. వైరు వేడెక్కి ఇల్లు అంటుకుంటే ఎవరిది పూచీ? బరంపురంలో అపార్ట్‌మెంట్ల వాళ్లకైతే అసోసియేషన్ నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, తేవాలని ఇంకో మెలిక. అద్దె ఇళ్లవాళ్ల బాధ చెప్పనే అక్కర్లేదు.

కరెంటోళ్లందరినీ ఒకే గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి మా గజపతి జిల్లాలో స్తంభాలన్నీ నేలకొరిగినప్పుడు లైన్‌మెన్లు పడ్డ కష్టం కళ్లారా చూశాం. అలాంటివాళ్ల పేరు కూడా ఈ వసూళ్ల వల్ల పాడవుతోంది. పై అధికారులకి ఇది తెలియదంటే నేను నమ్మను.

దేశంలో కరెంటు సంస్కరణలకి మొదట దిగిన రాష్ట్రం ఒడిశా. 1996లోనే ఇక్కడ విద్యుత్ నియంత్రణ కమిషన్ ఏర్పడింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఒక స్కూటరుకి మీటరు కావాలంటే చెయ్యి తడపాలా? కరెంటు బండ్ల కోసం కేంద్రం పెట్టిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో బయట పెట్టే ఛార్జింగ్ స్టేషన్లకి 2,000 కోట్లు కేటాయించారు, సంతోషం. మా ఊళ్లలో స్కూటరున్నవాళ్లు ఛార్జింగ్ పెట్టుకునేది ఇంట్లోనే. అక్కడ మమ్మల్ని పీడించకుండా చూడటానికి పైసా ఖర్చు లేదు.

ఇంకో సంగతి జనానికి తెలియాలి. 2018లో అవినీతి నిరోధక చట్టం సవరించాక లంచం ఇచ్చినవాళ్ల మీదా కేసు పెట్టొచ్చు. బలవంతం మీద ఇవ్వాల్సి వస్తే 7 రోజుల్లోగా పోలీసులకో, లంచాల కేసులు చూసే విజిలెన్స్‌కో చెప్పుకోవాలి. ఒడిశా విజిలెన్స్ టోల్ ఫ్రీ నంబరు 1064.

నేను కోరేది పెద్దదేమీ కాదు. దరఖాస్తు తీసుకున్న రోజే తేదీ వేసి రసీదు ఇవ్వాలి. ఏయే కాగితాలు కావాలో, ఫీజు ఎంతో, ఎన్ని రోజుల్లో ఇస్తారో కౌంటరు పక్కన ఒడియాలో, తెలుగులో బోర్డు పెట్టాలి. ఫిర్యాదుల ఫోరం చిరునామా కూడా అక్కడే రాయాలి. ఇప్పుడు ఆ గోడ మీద అదేమీ లేదు. మీ విలేకరిని ఒకసారి ఆ కౌంటరు దగ్గరికి పంపించండి. ఇంటి కనెక్షన్ మీద ఛార్జింగ్ పెట్టుకోవచ్చన్న రూలుని పెద్ద అక్షరాల్లో వేయండి. మా వీధిలోవాళ్లు కత్తిరించి మీటరు బోర్డు పక్కన అంటించుకుంటారు.

— ఒక వినియోగదారుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా