గ్యాస్ ఏటా అయిపోదు, లీకైతేనే పోతుంది

సంపాదకుల వారికి,

వేసవి జాగ్రత్తల మీద మీరు వేసిన వ్యాసంలో 'కారు ఏసీలో గ్యాస్ ఏటా నింపించుకోవాలి' అని చదివాను. విజయవాడ ఆటోనగర్‌లో కారు ఏసీల పని మీద బతికేవాణ్ణి, అందుకే ఈ ఉత్తరం. ఏసీ గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. గ్యాస్‌ని నొక్కే కంప్రెసర్, వేడిని బయటికి వదిలే కండెన్సర్, లోపలి గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్ మధ్య అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. రబ్బరు పైపుల గుండా ఏళ్ల మీద కొద్దిగా తగ్గడం మామూలే. పోయిన వేసవిలో పట్టించింది ఈ వేసవికి లేదంటే మాత్రం ఎక్కడో లీకున్నట్టే.

'లీకు సంగతి తర్వాత చూద్దాం, ముందు గ్యాస్ కొట్టెయ్ అన్నా, కిరాయి ఉంది' అంటారు క్యాబ్ డ్రైవర్లు. పాపం, బండి ఆగితే ఆ పూట సంపాదన పోయినట్టే. కానీ గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా కారిపోతుంది. ఆయిల్ తగ్గి కంప్రెసర్ పట్టేసిందంటే అన్నేళ్ల గ్యాస్ ఖర్చూ దాని ముందు చిన్నదే.

ఈ మధ్య బాపట్ల వైపు నుంచి ఒక కారు వచ్చింది. ఏటా గ్యాస్ పట్టిస్తున్నారట. సముద్రపు గాలికి అల్యూమినియం తినేసి ఉంటుందని ఎక్కడో కండెన్సర్ కూడా మార్పించారు. బానెట్ ఎత్తి చూశాను. లీకున్న చోట ఆయిల్ చెమ్మకి దుమ్ము అంటుకుని నల్లగా జిడ్డు కడుతుంది, మేం మొదట వెతికేది అదే. జాయింట్లన్నీ పొడిగా ఉన్నాయి. సబ్బు నురగకి బుడగ రాలేదు. ఇక మిగిలింది డాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్. బండి ఆపి, అద్దాలెత్తి, ఫ్యాన్ కట్టేసి కాసేపు వదిలేశాం. ఈ గ్యాస్ గాలి కంటే బరువు, కిందికి దిగుతుంది. తర్వాత బండి కిందికి దూరి, ఏసీ నీళ్లు పోయే గొట్టం కొసన చుక్క తుడిచి, గ్యాస్‌ని పసిగట్టే డిటెక్టర్ పెట్టగానే కీచుమని మొదలెట్టింది. డాష్‌బోర్డు విప్పడం పెద్ద పని కాబట్టి అంతవరకూ ఎవరూ అటు పోలేదు, అంతే.

గ్యాస్ నింపే ముందు పంపుతో లోపలి గాలంతా లాగేస్తారు, దాన్నే వాక్యూమ్ అంటాం. అది నిలబడింది కాబట్టి లీకు లేదని చెప్పేవాళ్లనీ నమ్మకండి. వాక్యూమ్‌లో గాలి లోపలికి లాగుతుంది, ఏసీ నడిచేటప్పుడు గ్యాస్ బయటికి తోస్తుంది. కొన్ని లీకులు నైట్రోజన్ ప్రెజర్ పెడితేనే బయటపడతాయి. మరీ సన్నవైతే యూవీ లైటుకి మెరిసే రంగు (డై) కలిపి, బండి కొన్నాళ్లు తిప్పాక ఆ లైటు వేసి చూడాల్సిందే. వెనకటి ఏసీ గ్యాస్ ఆర్12 రోజుల్లో దీపం మంట రంగు మారితే లీకు దొరికేదని మా గురువుగారు చెప్పేవారు. ఇప్పటి గ్యాస్ ఆర్134ఏలో క్లోరిన్ లేదు, ఆ చిట్కా పనిచెయ్యదు. క్లోరిన్ లేదు కాబట్టి ఓజోన్‌కి హాని లేదు గానీ, భూమిని వేడెక్కించడంలో ఇది బొగ్గుపులుసు వాయువుకి వెయ్యి రెట్లకు పైనే. ఇలాంటి గ్యాసులు తగ్గించుకోవాలని దేశాలన్నీ చేసుకున్న 2016 కిగాలీ ఒప్పందాన్ని మన దేశం 2021లో ఆమోదించింది. దాని ప్రకారం మనం 2028 నుంచి వీటి వాడకం పెరక్కుండా ఆపాలి, 2032 నుంచి తగ్గించుకుంటూ రావాలి. ఇక్కడ మాత్రం ఏటా గాలిలోకి వదిలి మళ్లీ నింపుతున్నాం.

చాలా కార్లలో ఎన్ని గ్రాముల గ్యాస్ పట్టాలో బానెట్ కింద స్టిక్కర్ మీదే ఉంటుంది. చిన్న కార్లకి అరకిలో కూడా పట్టదు. ఎంత నింపారో, లీకు ఎక్కడ దొరికిందో రెండూ బిల్లు మీద రాయించుకోమని పాఠకులకి చెప్పండి. గ్యాస్ డబ్బులు మాత్రమే రాసి ఇచ్చే షాపుని ఆ రెండో సంగతి గట్టిగా అడగమనండి. వ్యాసంలోని ఆ ఒక్క వాక్యం సవరిస్తూ చిన్న వివరణ వేస్తే మా పని కాస్త తేలికవుతుంది.

ఇట్లు,
ఒక ఆటో ఏసీ మెకానిక్, విజయవాడ